భూసేకరణ చట్టము - మన ఖబరస్తానులు

ఇంటికి దస్తావేజు ఉండును. పొలమునకు పట్టాదారు పాసుపుస్తకము ఉండును. ఊరి ఖబరస్తానునకు ఏమి ఉన్నది? ఈ ప్రశ్నకు మన పెద్దలలో పలువురు చెప్పు సమాధానము ఒక్కటే: "మా తాతల నాటినుండి అక్కడనే ఖననము చేయుచున్నాము, అందరికిని తెలిసినదే." అందరికిని తెలిసిన సంగతి కాగితముమీద లేనప్పుడు ఏమగును? ప్రభుత్వము ఆ భూమిని ప్రజాప్రయోజనము పేర తీసికొనదలచినప్పుడు ఆ సమాధానము ఎంతవరకు నిలుచును? ఈ వ్యాసమున మేము విచారింపదలచిన విషయ మిదియే. ఇది న్యాయవాదులకు మాత్రమే సంబంధించిన సంగతి యని విద్యార్థులు పుట త్రిప్పవలదని మనవి. చట్టమునందలి ముఖ్యాంశములు ఎవరైనను గ్రహింపదగినంత సులభముగనే ఉన్నవి. కష్టమెల్ల సకాలమున వాటిని తెలిసికొనకపోవుటలోనే ఉన్నది.

మన ప్రాంతపు భూమి స్వభావమును ముందు చూడవలెను. ఏలూరునకు చేరువనున్న పెదవేగి శాలంకాయనుల రాజధాని. తరువాతి కాలమున ఏలూరు ఉత్తర సర్కారులలో ఒక సర్కారునకు పేరిచ్చిన పట్టణము. 1766లో నిజాం అలీ ఖానుతో జరిగిన సంధి వలన ఆ సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమైనవి. పారశీక దేశపు పనితనమును తెచ్చిన తివాచీ నేతగాండ్రు నవాబుల కాలమున ఇచట స్థిరపడిరని ఏలూరు పెద్దలు చెప్పుకొనుచుందురు. ఇన్ని తరములు వచ్చి నిలిచిన చోట ఇన్ని తరముల సమాధులును ఉండుట సహజము. ఆ సమాధుల క్రింది భూమిని నాడు ఎవరో జమీందారో, రైతో, ఊరి పెద్దయో నోటిమాటగా విడిచిపెట్టినాడు. దానికి సాక్షి పదిమంది మనుష్యులే గాని స్టాంపు కాగితము కాదు.

డెల్టా భూమికి ఒక ప్రత్యేకత కలదు. ఇచట నేల చదరపు బల్లవలె ఉండును. వానకాలమున నీరు నిలుచును. వరిచేను తప్ప మరియొకటి కనబడదు. కనుక ఊరు మెరకమీద వెలసినది. ఊరి ప్రక్కనే మిగిలిన రెండవ మెరకమీద మృతులకు చోటు దొరకినది. కొల్లేటి లంక గ్రామములలో ఈ ఇబ్బంది మరింత అధికము. సరస్సు నడుమనున్న లంకలు, చుట్టునున్న గ్రామములు కలిపి 122 అని సాధారణముగ లెక్క చెప్పుచుందురు. అందు లంకవాసులకు పొడినేల యనగా దిబ్బ మాత్రమే; ఇల్లు కట్టవలెనన్నను, పశువును కట్టవలెనన్నను, గోరీ త్రవ్వవలెనన్నను ఆ దిబ్బయే గతి.

ఇప్పుడు రహదారి వేయు ఇంజనీరు వచ్చెననుకొందము. ఆయనకును మెరకయే కావలెను. మట్టి నింపు ఖర్చు తగ్గును. పల్లమున వేసిన బాట ప్రతి వరదకును తెగును. పైగా ఖబరస్తానులో పంట లేదు, పడగొట్టవలసిన ఇల్లు లేదు, పునరావాసము కోరు కుటుంబము లేదు, కోర్టున వ్యాజ్యము వేయు యజమాని లేడు. పటములో అది ఖాళీ తెలుపుగ కనబడును. గీత గీయువాని చేతిలో దురుద్దేశము ఏమియు లేకున్నను, ఆ తెలుపుమీదుగ గీత పోవుట సులభము. శ్మశానములకు అభివృద్ధి పథకముల వలన కలుగు ప్రమాదము చాలవరకు ద్వేషము వలన గాక ఈ సౌలభ్యము వలననే కలుగుచున్నదని మా అభిప్రాయము. ద్వేషమునైతే ఎదిరింపవచ్చును, ఎవరును గమనింపని గీతను ఎదిరించుట కష్టము.

మన జిల్లాలలో ఇట్టి గీతలు ఒకదాని వెనుక ఒకటిగ పడినవి. ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికి పూర్తియై, కాలువలు ఏలూరు వరకు వచ్చినవి. 1890 ప్రాంతపు సంవత్సరములలో రైలుదారి వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున తాడేపల్లిగూడెమున విమానములు దిగుటకు రన్‌వే వేసిరి. మద్రాసు, కలకత్తాల నడిమి 5వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలై, నేడు 16వ నంబరుతో పిలువబడుచున్నది. పోలవరము కుడి కాలువ గోదావరి నుండి కృష్ణ వరకు మెట్ట ప్రాంతపు పొలములను చీల్చుకొని పోయినది. ఖమ్మము నుండి దేవరపల్లి వరకు క్రొత్త రహదారికి చింతలపూడి, జంగారెడ్డిగూడెము ప్రాంతముల రైతుల భూములు తీసికొనబడినవి. వీటిలో అధికభాగము మనకు మేలు చేసినవే. కాటన్ దొర కాలువ లేనిచో మన పళ్లెములో అన్నము లేదు. అభివృద్ధి వలదనుట మా ఉద్దేశ్యము కాదు. గీత ఎచట పడుచున్నదో ముందుగ తెలిసికొను హక్కు ప్రజలకు కలదనియు, ఆ హక్కు గడువుతో కూడినదనియు చెప్పుటయే మా ఉద్దేశ్యము.

ప్రజల భూమిని వారి ఇష్టముతో నిమిత్తము లేకుండ తీసికొను ఈ రాజ్యాధికారమునకు పాశ్చాత్య న్యాయశాస్త్రమున పేరు పెట్టినవాడు హాలెండు దేశీయుడైన హ్యూగో గ్రోషియస్. 1625లో ప్రకటించిన తన గ్రంథమున ఆయన దీనిని రాజ్యమునకు గల మేలైన యాజమాన్యముగ వర్ణించి, ప్రజాప్రయోజనము ఉండవలెననియు, నష్టపోయినవానికి పరిహారము ఈయవలెననియు రెండు నిబంధనలు చెప్పెను. ఆయన దేశీయులైన డచ్చి వర్తకులు అంతకు ఇరువది సంవత్సరములకు పూర్వమే, 1605లో, మన బందరున దిగిరి. బందరులో వారి శ్మశానము నేటికిని ఉన్నది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. 1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టము, దానికి 2010లో జరిగిన సవరణ ప్రకారము అట్టి కట్టడమునకు చుట్టును 100 మీటర్లలోపల క్రొత్త నిర్మాణము నిషిద్ధము. అటుపై 200 మీటర్లు అనుమతితో మాత్రమే. పేరు చెక్కిన రాతిపలకలు ఉండుట వలన మూడు వందల ఏండ్ల క్రిందటి విదేశీ వర్తకునికి దొరకిన ఈ రక్షణ, అదే కాలమున అదే గాలి పీల్చి మరణించిన మన నేతగానికి దొరకలేదు. ఆతని గోరీమీద రాయి లేదు గదా!

ఈ రాయి సంగతి కొంచెము ఆలోచింపదగినది. గోరీమీద ఆడంబరము కూడదని మన ధర్మము బోధించుచున్నది. మట్టితో కప్పిన గోరీ నాలుగు వానకాలములు గడచునప్పటికి నేలతో కలిసిపోవును. చోటు చాలనిచోట కొంతకాలమునకు అదే స్థలమున మరియొక జనాజా వచ్చును. ఇది వినయమునకు చిహ్నము. కాని సర్వే అధికారి కంటికి అది ఖాళీ జాగా. వినయముతో విడిచిన గుర్తు న్యాయస్థానమున సాక్ష్యము లేమిగ మారుచున్నది. డెల్టాలోని దళిత వాడల శ్మశానముల స్థితియు, పేద క్రైస్తవుల సమాధుల తోటల స్థితియు ఇంతకంటె భిన్నము కాదు. సిమెంటు సిలువ కట్టుకొనలేనివాడు కర్ర సిలువ నాటును, అది చెదలుపట్టును.

మన దేశమున భూసేకరణకు 1824, 1857, 1870 సంవత్సరములలో కంపెనీవారును, తరువాత బ్రిటిషు ప్రభుత్వమును శాసనములు చేసిరి. వాటి స్థానమున వచ్చిన 1894 నాటి చట్టము నూటపందొమ్మిది సంవత్సరములు నడచినది. 4వ సెక్షను క్రింద ప్రకటన, 6వ సెక్షను క్రింద నిర్ణయము, 11వ సెక్షను క్రింద అవార్డు అను మాటలు మన రైతులకు కంఠస్థమైనవి. ఆక్షేపణ చెప్పుకొను హక్కునిచ్చు 5-ఏ సెక్షను మొదట ఆ చట్టములో లేదు, 1923లో చేర్చిరి. అదియును 17వ సెక్షను క్రింద అత్యవసరమను ఒక్క మాటతో తొలగిపోవచ్చును. మార్కెట్టు విలువపై నూటికి 15గ నుండిన అదనపు పరిహారమును 1984లో 30 చేసిరి. ఈలోపల 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించి, 300-ఏ అధికరణముగ వేరొకచోట నిలిపినది. చట్టము ప్రకారముగాక ఎవని ఆస్తిని తీసికొనరాదని మాత్రమే ఆ అధికరణము చెప్పును. కనుక ఆ చట్టములో ఏమున్నదన్నదే ముఖ్యము.

2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టము పాతదానికంటె దయగలది. పరిహారముపై నూటికి నూరు అదనముగ ఈయవలెను. ప్రాథమిక ప్రకటన వెలువడిన తరువాత ఆక్షేపణలకు 60 దినముల గడువు కలదు. మన విషయమునకు సంబంధించి ఇందు రెండు మాటలు ప్రత్యేకముగ గమనింపదగినవి. వీటిని ఎరిగినవారు అరుదు. మొదటిది 4వ సెక్షనులో ఉన్నది. భూమి తీసికొనుటకు ముందు సామాజిక ప్రభావ అంచనా జరుపవలెననియు, ఆ అంచనాలో బడులు, త్రాగునీరు, పూజా ప్రార్థనా స్థలములతో పాటు ఖనన దహన వాటికలపై పడు ప్రభావమును గూడ పరిశీలింపవలెననియు అందు పేరు పెట్టి చెప్పబడినది. రెండవది మూడవ షెడ్యూలులో ఉన్నది. నిర్వాసితులకు కట్టు క్రొత్త ఊరిలో రోడ్డు, బడి, మంచినీరు ఎట్లో, ఆయా వర్గముల ఆచారములనుబట్టి శ్మశానమును అట్లే ఏర్పరుపవలెను. బ్రతికియున్నవారిని తరలించినప్పుడు వారి భావి మృతులకు గూడ చోటు చూపవలెనని శాసనకర్తలు గుర్తించుట మెచ్చదగినది. పాత ఊరి మృతులను ఏమి చేయవలెనో మాత్రము అందు లేదు.

ఈ దయకు మినహాయింపులును కలవు. జాతీయ రహదారులకు 1956 నాటి ప్రత్యేక చట్టము వర్తించును. అందు సామాజిక ప్రభావ అంచనా లేదు. ఆక్షేపణకు గడువు ప్రకటన నాటినుండి 21 దినములు మాత్రమే. మన రాష్ట్రమునకై 2018లో వచ్చిన సవరణ కొన్ని వర్గముల పథకములను గూడ ఆ అంచనా నుండి తప్పించుటకు వీలు కల్పించినది. ఇరువది యొక్క దినములు! ఊరిలో ఒక పెద్ద చనిపోయిన నలువది దినముల ఫాతిహా జరుగులోపలనే ఆ గడువు ముగిసిపోవును. ప్రకటన రాజపత్రమునను, రెండు పత్రికలలోను వచ్చును. అందు సర్వే నంబరు ఉండును గాని "ఖబరస్తాను" అను మాట ఉండకపోవచ్చును. తన ఊరి ఖబరస్తాను సర్వే నంబరు తెలియనివాడు ఆ ప్రకటన చదివియు చదువనివాడే యగును.

నంబరు ఎరిగినవానికి రెండవ ప్రశ్న ఎదురగును: ఆ నంబరు ఎదుట రిజిస్టరులో ఏమి వ్రాసియున్నది? పట్టా భూమియైనచో యజమానికి నోటీసు వచ్చును, పరిహారము వచ్చును. పోరంబోకు అయినచో అది ప్రభుత్వ భూమి. ప్రభుత్వము తన భూమిని తాను సేకరించుకొనవలసిన పని లేదు; ఒక శాఖనుండి మరియొక శాఖకు బదలాయింపు జరుగును. కనుక సేకరణ చట్టములోని నోటీసు, ఆక్షేపణ, అవార్డు అను మెట్లు ఏవియు అచట వర్తింపకపోవచ్చును. భూసేకరణలో ఖబరస్తాను పోవు మార్గములలో ఎక్కువ నిశ్శబ్దమైనది ఇదియే. శ్మశాన పోరంబోకు అని స్పష్టముగ వ్రాసియున్నచో కొంత నయము. ఆ ఉపయోగమును మార్చుటకు అధికారులు కారణము చూపవలెను. ఉత్త పోరంబోకు అనియో, గయాళు అనియో, బంజరు అనియో ఉన్నచో అది ఎవరికైనను ఈయదగిన ఖాళీ భూమిగ కనబడును.

ఈ వ్రాతలు ఎట్లు పడినవి? రైత్వారీ గ్రామములలో సర్వే సెటిల్‌మెంటు నాటి గుమాస్తా ఎవరు ఏమి చెప్పిన అది వ్రాసికొనెను. జమీందారీ గ్రామముల కథ వేరు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము క్రింద జమీందారు సొత్తుతో పాటు గ్రామపు ఉమ్మడి భూములు, పోరంబోకులు అన్నియు ప్రభుత్వమునకు సంక్రమించినవి. అనగా జమీందారుగారు నోటిమాటగ ఇచ్చిన ఖబరస్తానును, ఆయన ఇచ్చినట్లు కాగితము లేనిచో, ఒక్క కలము పోటుతో సర్కారు భూమియైనది. ఖననములు మాత్రము ఎప్పటివలెనే జరుగుచుండెను. ఎవరికిని మార్పు తెలియలేదు. 2020 డిసెంబరులో మన రాష్ట్రమున భూముల పునః సర్వే మొదలైనది. నూరేండ్లకు ఒకమారు వచ్చు అవకాశ మిది. తప్పు సరిదిద్దుకొనుటకు ఇది ఎంత మంచి సమయమో, తప్పు మరల స్థిరపడుటకును అంతే సమయము. సర్వే బృందము గ్రామమునకు వచ్చిన దినమున తన పొలము గట్టుమీద ప్రతి రైతును నిలుచును. ఖబరస్తాను గట్టుమీద ఎవరు నిలుచుచున్నారు?

ఇక వక్ఫు చట్టము. ఖబరస్తాను వక్ఫు అగుటకు దస్తావేజు తప్పనిసరి కాదని, దీర్ఘకాల వినియోగమే చాలునని మన న్యాయస్థానములు చాలకాలముగ అంగీకరించినవి. 1976లో సయ్యద్ మహమ్మద్ సాలీ లబ్బై అను తమిళనాటి వ్యాజ్యమున సుప్రీంకోర్టు దీనిని విశదీకరించినది. ప్రైవేటు భూమిలో ఒకటి రెండు ఖననములు జరిగినంతమాత్రమున అది ప్రజా శ్మశానము కాదు. యజమాని అడ్డుపడకుండ చిరకాలము పెక్కు ఖననములు జరిగినచో అది ప్రజా శ్మశానమగును. ఒకసారి అయిన పిదప ఖననములు ఆగిపోయినను ఆ స్వభావము పోదు. రెవిన్యూ లేక చారిత్రక పత్రములలో ప్రజా శ్మశానమని ఉన్నచో అదియే నిర్ణాయకమైన సాక్ష్యము. మరల కథ కాగితము వద్దకే వచ్చినది. 2013లో సవరింపబడిన 1995 నాటి వక్ఫు చట్టము వక్ఫు ఆస్తుల విక్రయమును నిషేధించినది. ప్రజాప్రయోజనమునకై సేకరింపవలసివచ్చినచో బోర్డుతో సంప్రదించియే చేయవలెననియు, తగిన వేరు భూమి లేదని తేలవలెననియు, మార్కెట్టు విలువయో బదులు భూమియో ఈయవలెననియు 51వ సెక్షను చెప్పినది.

అయితే 2025 ఏప్రిలులో అమలులోనికి వచ్చిన సవరణ చట్టము ఈ చిత్రమును చాల మార్చినది. ఇకమీదట కేవలము వినియోగము వలన వక్ఫు ఏర్పడదు. ఆ చట్టము అమలులోనికి వచ్చునాటికే నమోదై యున్న అట్టి ఆస్తులు వక్ఫుగనే నిలుచును. వివాదమున ఉన్నవి, ప్రభుత్వ భూములైనవి తప్ప. 107వ సెక్షను మార్చబడుటచే 1963 నాటి కాలపరిమితి చట్టము వక్ఫు భూములకును వర్తించును. అనగా పరుని ఆక్రమణమున పన్నెండేండ్లు ఊరకున్నచో హక్కు కోల్పోవు ప్రమాదము కలదు. 2025 సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను నిలిపినను, ఈ రెండింటిని నిలుపలేదు. చట్టము మంచిచెడ్డలను గూర్చి భిన్నాభిప్రాయములు ఉన్నవి. వాటిని ఇచట చర్చింపము. మన ఊరి ఖబరస్తాను నాటికి నమోదైనదా కాదా అను ప్రశ్నకు మాత్రము భిన్నాభిప్రాయము ఉండదు. అవుననియో కాదనియో సమాధానము ఉండును. దానిని ప్రతి ఊరివారును తెలిసికొనవలెను.

పన్నెండేండ్ల మాట వచ్చినది గనుక ఒక అప్రియమైన సత్యమును చెప్పక తప్పదు. రాష్ట్రమున చాలచోట్ల ఖబరస్తాను అంచులను ముందు తగ్గించినది ప్రభుత్వము కాదు, బయటివారును కాదు. బాటవైపు నాలుగు దుకాణములు వేసి అద్దె వచ్చునని సంతోషించిన మనవారే. మొదటి దుకాణము ఊరి మసీదు ఖర్చులకని మొదలగును. పదిహేనేండ్లకు దుకాణదారు కరెంటు బిల్లు, పన్ను రసీదు చూపి తన స్వంతమనును. రహదారి విస్తరణ వచ్చిననాడు పరిహారము ఆతనికే పోవును. ముతవల్లీ చేతిలో ఏ రసీదును ఉండదు.

కొల్లేటి కథ దీనికి మరియొక ముఖము. 1976 నుండి ప్రభుత్వమే సహకార సంఘములకు సరస్సు భూమినిచ్చి చేపల చెరువులను ప్రోత్సహించినది. 1999లో అదే ప్రభుత్వము అయిదడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగ ప్రకటించినది. 2002లో కొల్లేరు రాంసార్ ఒడంబడిక జాబితాలో చేరినది. 2006లో సుప్రీంకోర్టు ఆజ్ఞ మీద చెరువు గట్లను యంత్రములతో, మందుపాతరలతో తెగగొట్టిరి. 2008లో కాంటూరును మూడడుగులకు తగ్గింపవలెనని శాసనసభ తీర్మానించినది. కేంద్రము నియమించిన అజీజ్ సంఘము అందుకు అంగీకరింపలేదు. ఆ సరస్సు డెల్టాకు ప్రాణము. బుడమేరు, తమ్మిలేరు వరదలను తన కడుపున దాచుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు విడుచునది. దానిని కాపాడుట అవసరమే. మేము చెప్పదలచినది వేరు. 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము అభయారణ్యపు హద్దులలో ఎవరికి ఏ హక్కు ఉన్నను కలెక్టరునకు చెప్పుకొనవచ్చును. 21వ సెక్షను క్రింద ఆ ప్రకటన స్థానిక భాషలో వెలువడవలెను. గడువు రెండు నెలలు. 24వ సెక్షను క్రింద కలెక్టరు ఆ హక్కును పరిహారమిచ్చి తీసికొనవచ్చును, లేదా వన్యప్రాణి సంరక్షణాధికారితో సంప్రదించి అది కొనసాగుటకు అనుమతింపవచ్చును. లంక దిబ్బమీద ఊరివారు తరతరములుగ చేయుచున్న ఖననము అట్లు కొనసాగింపదగిన హక్కు గాక మరేమి? చేపల చెరువు ఎకరములను గూర్చి ఇన్నేండ్లు వాదములు వినబడినవి. దిబ్బమీది శ్మశానమును గూర్చి అంత గట్టిగ వినబడలేదు. చెరువు డబ్బునిచ్చును, శ్మశానము ఈయదు.

ఇతర దేశములవారును ఈ చిక్కును ఎదుర్కొనిరి. ఆంగ్ల సాహిత్య విద్యార్థులకు థామస్ హార్డీ నవలాకారుడుగ తెలియును. యువకుడై వాస్తుశిల్పి వద్ద పని నేర్చుకొనుచున్న దినములలో, 1860 తరువాతి సంవత్సరములలో, లండనులోని సెయింట్ పాంక్రాస్ పాత శ్మశానముమీదుగ రైలుదారి పోవుచుండగ సమాధులను త్రవ్వి తరలించు పనిని రాత్రివేళల పర్యవేక్షించినవాడు ఆయనయే. న్యూయార్కు నగరమున 1991లో ప్రభుత్వ భవనమునకు పునాదులు త్రవ్వుచుండగ, నల్లజాతివారిని పూడ్చిన పద్దెనిమిదవ శతాబ్దపు శ్మశానము బయటపడినది. నాలుగు వందలకు పైగా అస్థిపంజరములు వెలికి వచ్చినవి. పాత పటములలో ఆ శ్మశానము గుర్తింపబడియే యున్నది. త్రవ్వకము లోతున మిగిలియుండదని తలచిరి. ప్రజలు ఆందోళన చేయగ నిర్మాణము కొంత ఆగినది. 2006లో ఆ స్థలము జాతీయ స్మారకమైనది. పటము ఉండబట్టియే ఆ ఆందోళనకు బలము కలిగినది.

మన నాగార్జునసాగరము కథయు తెలిసినదే. 1954 నుండి 1960 వరకు లోయలో త్రవ్వకములు జరిపి, బౌద్ధ కట్టడములను రాయి రాయిగ విప్పి కొండమీదను, అనుపులోను మరల పేర్చిరి. వాటిలో బృహచ్ఛిలా యుగపు సమాధి యొకటి గూడ ఉన్నది. రెండువేల ఏండ్ల నాటి, పేరు తెలియని మనుష్యుని సమాధిని అంత జాగ్రత్తగ తరలించిన చేతులు గొప్పవి. ఆ లోయనుండి లేచిపోయిన ఊళ్లవారి తాతల సమాధులు నీటి క్రిందనే ఉన్నవి. పాతబడిన కొలది సమాధికి గౌరవము హెచ్చును. దానికై ఏడ్చువారు ఇంకను బ్రతికియున్నంతకాలము అది అడ్డంకి! ఈ తర్కము మాకు వింతగ తోచును.

తప్పించుట అసాధ్యము కాదని చెప్పుటకు ఉదాహరణములును కలవు. హైదరాబాదు పాత బస్తీలో మెట్రో మార్గమునకై రహదారి వెడల్పు చేయు సందర్భమున, దారిలోని మసీదులు, దేవాలయములు, ఆషూర్‌ఖానాలు, సమాధులు మున్నగు వాటిని ముందుగనే పేరుపేరున గుర్తించి, స్తంభముల స్థానములను సర్దుబాటు చేసి వాటిని కాపాడెదమని అధికారులు చెప్పిరి. జాబితా ముందు తయారైనచో గీతను కొంచెము వంచవచ్చును. గీత పడి, టెండరు పిలిచి, గుత్తేదారు యంత్రములు దించిన పిదప వంచుట ఎవరి తరమును కాదు.

కనుక ఆ జాబితా మన ప్రాంతమునకు ఎవరు తయారు చేయవలెను? మన కళాశాల విద్యార్థులే తగినవారని మేము కమిటీవారి యెదుట ప్రతిపాదించుచున్నాము. కారణము సులభము. పాత రాతిపలకలమీది వ్రాత ఫారసీలోనో ఉర్దూలోనో ఉండును. రెవిన్యూ రిజిస్టరు తెలుగులోను, ఇంగ్లీషులోను ఉండును. ఈ భాషలు ఒకేచోట నేర్చుకొను పిల్లలు మరియెచట దొరకుదురు? ఒక్కొక్క ఊరికి ఇద్దరు విద్యార్థులు చాలును. సర్వే నంబరు, విస్తీర్ణము, రిజిస్టరులోని వర్గీకరణ, ఎఫ్.ఎం.బి. పటపు నకలు తహసీల్దారు కార్యాలయమున అర్జీతోను, అవసరమైనచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రిందను పొందవచ్చును. వక్ఫు గెజిటులోను, బోర్డు రిజిస్టరులోను ఆ నంబరు ఉన్నదో లేదో చూడవలెను. రెండింటిలోని నంబరులు, ఎకరములు ఒకటిగ ఉన్నవో లేవో సరిపోల్చవలెను. తేడాలు అచటనే బయటపడును. ఊరిలో డెబ్బదియేండ్లు పైబడినవారు చెప్పిన మాటలను తారీఖుతో, సంతకముతో వ్రాసి పెట్టవలెను. వారి తరువాత ఆ మాట చెప్పువారు ఉండరు. మసీదులో జనన వివాహములకు పుస్తకము ఉన్నట్లే ఖననములకును ఒక పుస్తకము పెట్టుట ముతవల్లీగారికి భారము కాదు.

ఊరి హిందూ శ్మశానమును, దళిత వాడ శ్మశానమును, క్రైస్తవుల సమాధుల తోటను గూడ అదే పుస్తకమున చేర్చవలెను. వాటికి వక్ఫు బోర్డు వంటి సంస్థ లేదు. పంచాయతీయో పురపాలక సంఘమో తప్ప దిక్కులేదు. పైగా ఒకే మెరకమీద ఒక మూల మనవారు, మరియొక మూల వారు ఉన్న ఊళ్లును కలవు. సర్వే నంబరు ఒక్కటే, రహదారి వచ్చినచో ఇద్దరికిని వచ్చును.

ఈ పని వేసవి సెలవులలో, తొలకరికి ముందు జరుగవలెను. వాన పడినచో కొల్లేటి ప్రక్క ఊళ్లలో గొలుసు పట్టి కొలుచుట సాధ్యపడదు. గడ్డి పెరిగి పలకలు కనబడవు. నకళ్లు రెండు చేయించి ఒకటి ఊరి మసీదున, ఒకటి మన కళాశాల గ్రంథాలయమున భద్రపరచినచో, ఇరువది యొక్క దినముల ప్రకటన ఏ దినమున వెలువడినను ఆ నంబరును వెదకుకొనుటకు ఒక బీరువా ఉండును.